మన పనికి తగిన కంప్యూటర్ – 4వ పాఠం: చిన్న ల్యాప్‌టాప్ బలాబలాలను తూచే పద్ధతి

గత పాఠంలో రోజూ చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఏ పనికి ఎంతసేపు పడుతోందో, దాన్ని ఎక్కడ కూర్చుని చేస్తున్నామో పక్కన గుర్తు పెట్టుకున్నాం. ఆ కాగితం ఈ పాఠానికి తప్పనిసరి. ఇంకా పూర్తి చేయనివారు ముందు ఆ పని చూసుకుని రావాలని కోరుతున్నాను, ఎందుకంటే యంత్రాన్ని తూచేటప్పుడు రెండో పళ్లెంలో పెట్టవలసింది ఆ కాగితమే.

చిన్న ల్యాప్‌టాప్ అని ఇక్కడ అంటున్నది 10 నుంచి 13 అంగుళాల తెరతో, సుమారు కిలో నుంచి కిలోంబావు బరువుతో, చేతిసంచిలో పట్టే యంత్రాన్ని. దీన్ని కొనబోయేవారు సాధారణంగా మంచి లక్షణాలను ఒక వరుసలో, లోపాలను మరో వరుసలో రాసి, ఏ వరుస పొడవుగా ఉంటే అటు మొగ్గుతారు. ఈ పద్ధతి పనికిరాదని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆ రెండు వరుసల్లోని అంశాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. బరువు తగ్గాలంటే బ్యాటరీ చిన్నది కావాలి. మందం తగ్గాలంటే ఫ్యాన్ తీసేయాలి. ఫ్యాన్ లేకపోతే ప్రాసెసర్‌ను, అంటే లెక్కలన్నీ చేసే ప్రధాన చిప్‌ను, తక్కువ విద్యుత్తుతో నడపాలి. అప్పుడు శబ్దమూ పోతుంది, వేగమూ తగ్గుతుంది. ప్రతి సుగుణానికీ ఒక వెల ఉంది, ఆ వెల మనకు బరువవుతుందా లేదా అన్నది మన పనిని బట్టి ఉంటుంది. ఈ పాఠంలో అలవరచుకోవలసిన నైపుణ్యం ఏమిటంటే, ఒక్కొక్క లక్షణాన్ని పట్టుకుని, అది ఎందువల్ల వచ్చిందో, దాని కోసం తయారీదారు ఏది వదులుకున్నాడో కనుక్కుని, ఆ వదులుకున్నది మన కాగితంలో ఎన్నిచోట్ల తగులుతుందో లెక్క చూడడం.

రెండు పాత యంత్రాలతో అభ్యాసం

1983లో రేడియో షాక్ అమ్మకానికి పెట్టిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100 యంత్రాన్ని జపాన్‌కు చెందిన క్యోసెరా తయారు చేసింది. బరువు సుమారు 1.4 కిలోలు. తెర మీద 8 వరుసలు, వరుసకు 40 అక్షరాలు మాత్రమే కనిపించేవి. కానీ కీబోర్డు పూర్తి పరిమాణంలో ఉండేది, టార్చిలైటులో వేసుకునే రకం నాలుగు చిన్న బ్యాటరీలతో దాదాపు 20 గంటలు నడిచేది, టెలిఫోను లైను మీద రాసినదాన్ని పంపడానికి మోడెం లోపలే ఉండేది. 8 వరుసల తెర కాగితం మీద ఘోరమైన లోపంగానే కనిపిస్తుంది. అయినా అమెరికాలో పత్రికా విలేకరులు ఆ యంత్రాన్ని ఎంతో ఇష్టంగా వాడారు, ఎందుకంటే వారు చేసే పని వార్త టైపు చేసి కార్యాలయానికి పంపడం. అందుకు కావలసిన మూడింటిలో ఏదీ తగ్గలేదు.

2007లో వచ్చిన ఆసుస్ వారి ఈ-పీసీ 701 సంగతి వేరు. బరువు కిలో కంటే తక్కువ, 7 అంగుళాల తెర, 512 ఎంబీ మెమరీ (పని చేస్తున్నంతసేపు వాడుకునే చోటు), 4 జీబీ నిల్వ (ఫైళ్లు దాచుకునే చోటు). చవకగా, తేలికగా ఉందని జనం ఆసక్తిగా కొన్నారు. అయితే దాన్ని ప్రధానంగా ఇంటర్నెట్ చూడడానికే కొన్నారు, ఆ తెర వెడల్పు 800 పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చుక్కలు), అప్పటి వెబ్ పేజీలు ఎక్కువగా 1024 పిక్సెళ్ల వెడల్పుకు తయారైనవి. కాబట్టి ఒక్కొక్క వాక్యం చదవడానికి పేజీని అడ్డంగా జరపవలసి వచ్చేది. మోడల్ 100 తెర దీనికంటే ఎన్నో రెట్లు పేదది. అయినా అక్కడ ఆ లోపం వాడేవారి పనికి అడ్డం రాలేదు, ఇక్కడ ప్రతి పేజీలోనూ వచ్చింది.

తెర, తెలుగు అక్షరం

తెర కొలతను మూలకు మూలగా చెప్పడం వల్ల తేడా చిన్నదిగా అనిపిస్తుంది. 15.6 అంగుళాల తెర వెడల్పు సుమారు 34.5 సెంటీమీటర్లు, ఎత్తు 19.4 సెంటీమీటర్లు. 11.6 అంగుళాల తెరకు అవి 25.7, 14.4 సెంటీమీటర్లు. మూలకొలతలో తగ్గింది నాలుగోవంతే అయినా, వైశాల్యంలో దాదాపు 45 శాతం పోతుంది. ఈ లెక్క వెడల్పు, ఎత్తు 16:9 నిష్పత్తిలో ఉన్న తెరలకు వర్తిస్తుంది. అదే 3:2 నిష్పత్తిలో ఉన్న 12.4 అంగుళాల తెర, ఆ 11.6 అంగుళాల తెర కంటే వెడల్పులో అరసెంటీమీటరు మాత్రమే ఎక్కువ ఉన్నా, ఎత్తులో మూడు సెంటీమీటర్లు కలిసివస్తుంది. చదివే పని, రాసే పని ఎక్కువగా ఉన్నవారు ఈ నిష్పత్తిని తప్పక అడిగి తెలుసుకోవాలి.

తెలుగువారికి ఈ ఎత్తు మరీ ముఖ్యం. ఇంగ్లీషు వరుస కంటే తెలుగు వరుసకు నిలువుగా ఎక్కువ చోటు కావాలి. ‘రాష్ట్రీయ’ అన్న ఒక్క మాటలోనే పైన గుడిదీర్ఘం, కింద ట వత్తు, రావత్తు ఉన్నాయి. చిన్న తెర మీద అక్షరాన్ని తగ్గిస్తే ముందుగా చెదిరేవి ఈ వత్తులే. పెంచితే ఒకేసారి కనిపించే వరుసలు పడిపోతాయి. దుకాణంలో నమూనా యంత్రం మీద ఏదైనా తెలుగు దినపత్రిక పేజీ తెరిచి, మీరు మామూలుగా కూర్చునే దూరంలో కూర్చుని, ప, ష, ఫ అక్షరాల తేడా కళ్లు చిట్లించకుండా తెలుస్తోందో లేదో చూడండి. ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయన్న సంఖ్య కంటే ఈ పరీక్ష నమ్మదగినది. నలభై దాటినవారు దీన్ని అసలు వదిలిపెట్టకూడదు.

కీబోర్డు

పూర్తి పరిమాణపు కీబోర్డులో ఒక మీట మధ్య నుంచి పక్క మీట మధ్యకు సుమారు 19 మిల్లీమీటర్లు ఉంటుంది. 12, 13 అంగుళాల యంత్రాల్లో చాలావరకు ఈ కొలత దక్కుతుంది. అంతకంటే తగ్గినప్పుడు తయారీదారులు తరచుగా కుడి అంచున ఉండే విరామచిహ్నాల మీటలను సన్నం చేస్తారు. ఇంగ్లీషులో టైపు చేసేవారికి ఇది పెద్దగా తగలదు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో, అంటే మీటల మీదే తెలుగు అక్షరాలు ఉండే అమరికతో, తెలుగు టైపు చేసేవారికి మాత్రం సెమికోలన్ మీట మీద చ, దాని పక్కన కొటేషన్ మీట మీద ట, పైవరుసలో చదరపు బ్రాకెట్ మీద డ ఉంటాయి. ‘చెట్టు’, ‘గడ్డి’, ‘చట్టం’ వంటి మాటలు రాసిన ప్రతిసారీ కుడిచేతి చిటికెనవేలు ఆ సన్నని మీటల మీదికే వెళ్లాలి. అందుకే ఇన్‌స్క్రిప్ట్ వాడేవారు దుకాణంలోనే ఒక పేరా తెలుగులో టైపు చేసి చూడాలి, అక్కడ తెలుగు కీబోర్డును అమర్చడానికి రెండు నిమిషాలు చాలు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతికి అలవాటు పడ్డవారికి ఈ ఇబ్బంది చాలా తక్కువ. ఒకే యంత్రంలోని ఒకే లోపం ఇద్దరికి రెండు విధాలుగా తూగడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడదు.

బ్యాటరీ, వేడి

ప్రకటనలో గంటలు చూసి నమ్మవద్దు. యంత్రం అడుగునో, వివరాల పత్రంలోనో వాట్-అవర్ల సంఖ్య, అంటే బ్యాటరీలో ఎంత విద్యుత్తు పడుతుందో చెప్పే కొలత, వెతకండి. 38 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న చిన్న యంత్రం టైపు చేస్తున్నప్పుడు సగటున 6 వాట్లు తీసుకుంటే ఆరు గంటలకు పైగా నడుస్తుంది. వీడియో సమావేశంలో అదే యంత్రం 11 వాట్లు తీసుకుంటే మూడున్నర గంటలకు కూడా చేరదు. ఎంత బ్యాటరీ అయినా ఏళ్లు గడిచేకొద్దీ కుంగుతుంది కనుక, మీకు కావలసిన సమయానికి మరో పాతిక శాతం కలుపుకుని కొనాలి. వాడిన యంత్రం కొనేవారు విండోస్‌లో ఉన్న బ్యాటరీ రిపోర్టు తీయించి, తయారైనప్పటి సామర్థ్యాన్ని ఇప్పటి సామర్థ్యంతో పోల్చాలి.

ఫ్యాన్ లేని యంత్రం నిశ్శబ్దంగా ఉంటుంది, దుమ్ము పీల్చదు. అయితే చాలా ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల వరకు ఉన్న గదిలో వాడేందుకే తయారు చేస్తారు. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఆ హద్దు దాటడం మామూలే. అప్పుడు యంత్రం తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి ఫ్యాన్ లేనిదాన్ని పరీక్షించేటప్పుడు మొదటి నిమిషం చురుకుదనం చూసి మురిసిపోకుండా, పావుగంట సేపు వీడియో నడుపుతూ, పక్కన నాలుగైదు పేజీలు తెరిచి, ఆ తర్వాత టైపింగ్ ఎలా సాగుతోందో గమనించాలి.

రంధ్రాలు, నిల్వ

2015లో ఆపిల్ తెచ్చిన 12 అంగుళాల మాక్‌బుక్ బరువు 0.92 కిలోలు, చార్జింగుకూ, ఇతర పరికరాలు తగిలించడానికీ కలిపి ఒక్క యూఎస్‌బీ-సీ రంధ్రం (పాత తరహా యూఎస్‌బీ కంటే చిన్నది) మాత్రమే ఇచ్చారు. అలాంటి యంత్రంతో ప్రొజెక్టరుకు ఒక అడాప్టరు, పెన్‌డ్రైవుకు ఒకటి మోయవలసి వస్తుంది. అందుకే యంత్రం బరువు కాకుండా, చార్జర్, అడాప్టర్లు, మౌస్‌తో సహా సంచి మొత్తాన్ని కాటా మీద పెట్టి చూడమంటాను. నిల్వ విషయం క్లుప్తంగా చెప్పవచ్చు: విండోస్ 11కు కనీసం 64 జీబీ కావాలి, అంత మాత్రమే ఉన్న యంత్రంలో అప్‌డేట్లు వచ్చినప్పుడు చోటు చాలక అవస్థ పడాలి. ఈ రకం యంత్రాల్లో మెమరీని బోర్డుకే అతికిస్తారు కనుక తర్వాత పెంచుకుందామన్న ఆలోచన సాధారణంగా కుదరదు. 8 జీబీ మెమరీకి తక్కువైతే తీసుకోవద్దన్నది నా అభిప్రాయం.

ఒక యంత్రం, ఇద్దరు మనుషులు

11.6 అంగుళాల తెర, కిలో బరువు, ఫ్యాన్ లేని ప్రాసెసర్, రెండు యూఎస్‌బీ-సీ రంధ్రాలు ఉన్న యంత్రం ఒకటి మన ముందు ఉందనుకుందాం. మండల కేంద్రంలో పనిచేసే విలేకరి దీన్ని తూచితే, బస్సులోనూ సభల్లోనూ వాడడం, వార్త టైపు చేయడం, ఫోటోలు పంపడం కాగితంలో పైన ఉంటాయి. తేలిక బరువు రోజంతా కలిసివస్తుంది, చిన్న తెర ఒక్క వార్త రాయడానికి సరిపోతుంది, అన్నింటికంటే కీబోర్డే పరీక్షించవలసిన అంశం అవుతుంది. పట్టణంలో ఉండే ఆడిటరు కాగితంలో పెద్ద ఎక్సెల్ పట్టికలు, పక్కపక్కన రెండు పత్రాలు చూడడం, పాత తరహా యూఎస్‌బీలో పట్టే డిజిటల్ సంతకపు టోకెన్ (కంప్యూటర్‌లో సంతకం చేయడానికి తగిలించే చిన్న పరికరం) ఉంటాయి. ఆయనకు చిన్న తెర గంటగంటకూ తగులుతుంది, టోకెన్‌కు అడాప్టరు వెంట ఉండాలి, తేలిక బరువు మాత్రం వారానికి ఒకసారి క్లయింటు దగ్గరికి వెళ్లినప్పుడే అక్కరకు వస్తుంది. కార్యాలయంలో పెద్ద మానిటర్‌కు తగిలించుకునే ఏర్పాటు ఉంటే ఆయన తూనిక మళ్లీ మారుతుంది, ఎందుకంటే అప్పుడు తెర లోపం ప్రయాణ సమయానికే పరిమితమవుతుంది.

ఈ వారం అభ్యాసం: మీరు ఆలోచిస్తున్న ఒక చిన్న ల్యాప్‌టాప్‌ను ఎంచుకుని దాని లక్షణాల్లో ఐదింటిని రాయండి. ఒక్కొక్క దాని ఎదుట, దాని కోసం ఏది వదులుకున్నారో ఒక వాక్యంలో రాసి, వదులుకున్నది మీ పనుల కాగితంలో వారానికి ఎన్నిసార్లు అడ్డం వస్తుందో అంకె వేయండి. లక్షణం వల్ల కలిగే మేలుకూ అలాగే అంకె వేయండి. రెండు అంకెలు దగ్గరదగ్గరగా వచ్చిన లక్షణాలకు చుట్టూ గీత గీసి ఉంచండి. దుకాణంలో స్వయంగా పరీక్షించవలసినవి అవే, ఆ పరీక్షను అరగంటలో ఎలా ముగించాలో 5వ పాఠంలో చూద్దాం.