వానాకాలపు నట్టలు: మా మందలో నా అనుభవం

వరంగల్ జిల్లాలోని మా ఊరి చెరువు శిఖంలో (నీరు తగ్గాక బయటపడే నేలలో) గొర్రెలను మేపుతాను. మొన్నటి వరకు వేసవిలో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి నట్టల (కడుపులోని పురుగుల) మందు తాగించేవాణ్ని. అయినా భాద్రపదం వచ్చేసరికి కొన్ని గొర్రెలు దవడ కింద నీరు దిగి, కనురెప్పల లోపలి పొర తెల్లగా పాలిపోయి, పారుడైనా లేకుండా చనిపోయేవి. ఆ బాధ చెప్పనలవి కాదు.

పెంటికల పరీక్ష చేయించిన పశువైద్యుడు, ఇది నాలుగో కడుపులో రక్తం పీల్చే హీమాంకస్ అనే నట్ట అన్నారు. దాని గుడ్లు వెచ్చని తేమలో సుమారు వారం రోజుల్లో లార్వాలుగా ఎదిగి గడ్డిపైకి పాకుతాయి; గొర్రె కడుపులో చేరిన దాదాపు మూడు వారాలకు మళ్లీ గుడ్లు మొదలవుతాయి. అందుకే జూన్ వానలతో పెరిగి సెప్టెంబరు నాటికి ఉద్ధృతమవుతుంది. నా మందు వేళ తప్పింది.

అంతకంటే పెద్ద పొరపాటు మోతాదుది. కంటి అంచనాతో అన్నింటికీ ఒకే కొలత పోసేవాణ్ని. తక్కువ మోతాదు నట్టలను మందుకు అలవాటు చేస్తుంది. ఇప్పుడు తూకం వేసి, తొలకరి తర్వాత పరీక్షను బట్టి తాగిస్తున్నాను, పద్నాలుగో రోజున గుడ్ల లెక్క మళ్లీ చూపిస్తున్నాను. చూడి తొలి దశలో ఉన్నవాటికి ఆల్బెండజోల్ అనే నట్టల మందు ఇవ్వను. మంచు ఆరాకే మేతకు తోలుతున్నాను, నత్తలుండే చెరువు అంచుకు పోనివ్వను, ఎందుకంటే నత్తల ద్వారా వచ్చే కార్జపు జలగల (కాలేయంలో చేరే పురుగుల) బెడద అక్కడిదే. పోయిన భాద్రపదంలో దవడ వాపుతో ఒక్క గొర్రె కూడా చావలేదు.