నీటికాసులకు కొత్త చుక్కల మందు: పరీక్షలో చేరేవారు పాటించవలసినవి

నీటికాసుల (గ్లకోమా) వల్ల పోయిన చూపు తిరిగి రాదు. ఉన్న చూపును నిలుపుకోవడానికి కంటిలోని ఒత్తిడిని తగ్గించుకోవలసిందే. కాబట్టి కొత్త చుక్కల మందు పరీక్షలో చేరతారా అని డాక్టరు అడిగితే, పాత మందును ఎన్నాళ్లు ఆపవలసి వస్తుందో మీరు ముందుగా అడిగి తెలుసుకోవాలి.

పాత మందు ప్రభావం మిగిలి ఉండగా కొత్తదాని బలం తేలదు. అందుచేత లాటనోప్రోస్ట్, టిమొలోల్ చుక్కలు వాడేవారికి సాధారణంగా 4 వారాలు, బ్రిమొనిడిన్ వాడేవారికి 2 వారాలు విరామం ఇస్తారు. ఆ రోజుల్లో ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది గనుక, కంటి నరం ఇప్పటికే బాగా దెబ్బతిన్నవారు చేరకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

మన దేశంలో మందుల పరీక్షలను ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. ఆ నమోదు సంఖ్యను అడగండి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. ఇష్టం లేకపోతే మధ్యలో మానుకునే హక్కు కూడా మీకు ఉంటుంది.

కొత్త మందును చాలాసార్లు టిమొలోల్‌తో పోల్చి చూస్తారు, ఎవరికి ఏది ఇచ్చారో రోగికి చెప్పరు. టిమొలోల్ ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం కాబట్టి, ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి తగ్గిన ఆయాసాన్ని సైతం దాచకుండా చెప్పాలి.

ఒత్తిడి రోజంతా ఒకే తీరున ఉండదు. అందుకే ఉదయం 8, 10 గంటలకు, సాయంత్రం 4 గంటలకు కొలవడం ఈ పరీక్షల్లో పరిపాటి. ఆలస్యంగా వెళితే ఆ అంకెకు విలువ పోతుంది. చుక్క వేసుకోవడం మరిచిన రోజు ఉంటే ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి, ఎందుకంటే మీరు మొహమాటపడి దాచిన ఒక్క రోజు వల్ల మంచి మందు పనికిరానిదిగా కనిపించవచ్చు.

కింది రెప్పను లాగి ఒక్క చుక్క వేసుకుని, కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే మందు గొంతులోకి, రక్తంలోకి జారడం తగ్గుతుంది. మరో మందు కూడా వేసుకోవాలంటే 5 నిమిషాలు ఆగాలి.

అమెరికాలో 2017లో అనుమతి పొందిన నెటార్సుడిల్ అనే నీటికాసుల చుక్కల మందు పరీక్షల్లో సగం మందికి పైగా కళ్లు ఎర్రబడ్డాయి. అలాంటి మార్పును తేదీతో సహా రాసిపెట్టుకోండి. తీవ్రమైన నొప్పి, చూపు మసకబారడం, ఊపిరి ఆడకపోవడం వంటివి కలిగితే మాత్రం తర్వాతి తేదీ కోసం ఎదురుచూడకుండా, సమ్మతి పత్రంలో ఉన్న డాక్టరు నంబరుకు వెంటనే ఫోన్ చేయండి.