తెవికీలో రాద్దాం – 4వ పాఠం: ఊరి పేజీలో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

గత పాఠంలో తెవికీ (తెలుగు వికీపీడియా) వ్యాసానికి ప్రవేశిక, అంటే మొదట్లో వచ్చే పరిచయం, రాయడం నేర్చుకున్నాం. ఈసారి పని ఇంకాస్త కష్టం. రాయడానికి బోలెడంత ఉన్నప్పుడు అందులో ఏది ఊరి వ్యాసానికి చెందుతుందో తేల్చుకోవాలి. నాకు బాగా తెలిసిన వరంగల్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నా.

ముందు ఈ వాక్యం చదవండి. కొత్తగా రాసేవాళ్లు తరచూ రాసేది ఇలాగే ఉంటుంది:

"వరంగల్‌లో వేయి స్తంభాల గుడి, ఖిలా, భద్రకాళి గుడి, రామప్ప గుడి, లక్నవరం, పాకాల చెరువు, మేడారం జాతర చూడదగ్గవి."

ఇంటికి చుట్టాలొస్తే మనం ఇలాగే చెప్తాం. కానీ ఈ వాక్యాన్ని నమ్ముకుని ఒకాయన వరంగల్ స్టేషన్‌లో దిగి, రామప్పకు ఆటో మాట్లాడుకుందామనుకుంటే? ఆ గుడి ఉన్న పాలంపేట అక్కడికి దాదాపు 70 కిలోమీటర్లు. లక్నవరం, మేడారం కూడా ములుగు జిల్లాలోవే. పాకాల వరంగల్ జిల్లాలోదే అయినా నగరానికి చాలా దూరం. ఇక్కడ జిల్లానూ నగరాన్నీ కలిపేశాం. ఒకప్పుడు ఇవన్నీ ఒకే జిల్లాలో ఉండేవి కాబట్టి మన నోటికి అలా అలవాటైపోయింది. 2016 అక్టోబరు 11న పాత జిల్లాను విడదీశారు. 2019లో ములుగు వేరే జిల్లా అయింది. 2021లో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అన్న జిల్లాల పేర్లు పోయి హనుమకొండ, వరంగల్ జిల్లాలు వచ్చాయి.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు కూడా జరుగుతుంది. వేయి స్తంభాల గుడి హనుమకొండ జిల్లాలో ఉంది కదా అని ఎవరో ఒకరు దాన్ని వరంగల్ నగరం పేజీలోంచి తీసేస్తారు. అలా తీసేస్తే కాజీపేట జంక్షన్, ఎన్ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం కూడా పోవాల్సిందే! జిల్లా గీత ఎక్కడున్నా హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడూ కలిసి ఒకటే నగరం, ఒకటే మహానగరపాలక సంస్థ. అందుకే నగరం వ్యాసం రాసేటప్పుడు నగరపాలక సంస్థ హద్దునే పట్టుకోండి. జిల్లా సంగతులు జిల్లా వ్యాసాల్లో ఉంటాయి.

మరి రామప్పను పూర్తిగా తీసేయాలా? అక్కర్లేదు. "పాలంపేటలోని రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. హైదరాబాద్ నుంచి అక్కడికి వరంగల్ మీదుగా వెళ్తారు" అని రెండు ముక్కలు రాసి, ఆ గుడి వ్యాసానికి లింకు ఇస్తే చాలు. ఊరికి దానితో ఉన్న సంబంధమేదో అదే రాయాలి. శిల్పాల సంగతి ఆ వ్యాసం చూసుకుంటుంది.

ఈ విషయం నేను బాధపడి నేర్చుకున్నా. తెవికీలో చేరిన కొత్తలో వరంగల్ పేజీలో బతుకమ్మ గురించి రాశా. సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర జనం, అమ్మ వరుసలు వరుసలుగా పేర్చే తంగేడు, గునుగు పూలు, ఇంటి నుంచి తీసుకెళ్లే సత్తుపిండి, మలీద, అన్నీ రాశా. మర్నాడు చూస్తే రెండు వాక్యాలే మిగిలాయి. రెండు రోజులు ఆ పేజీ తెరవబుద్ధి కాలేదు. తర్వాత పేజీ చరిత్రలోకి (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే చోటు) వెళ్లి చూశా. ఒక సీనియర్ వాడుకరి నేను రాసినదాంట్లో పూల గురించి, నైవేద్యాల గురించి ఉన్నదంతా బతుకమ్మ వ్యాసంలోకి మార్చారు. ఈ నగరంలో పండుగ ఎక్కడ జరుగుతుందన్నది మాత్రం ఇక్కడ ఉంచారు. శ్రీకాకుళంలో ఉన్న మనిషి గునుగు పువ్వు గురించి తెలుసుకోవాలంటే వరంగల్ పేజీ తెరవరు కదా! ఆ సీనియర్ చేసిందే సరైన పని.

ప్రముఖుల విభాగంలో గొడవలు ఎక్కువ. ఇక్కడ పుట్టిన ఊరు ఒక్కటే కొలత కాదు. కాళోజీ పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్లిలో, కానీ ఆయన బతుకంతా వరంగల్‌తో ముడిపడింది. ఆయన పేరు లేకుండా ఈ నగరం పేజీ ఉండకూడదు. పీవీ నరసింహారావు పుట్టిన లక్నేపల్లి నర్సంపేట దగ్గరిది. అది ఆ ఊరి వ్యాసంలోనూ, జిల్లా వ్యాసంలోనూ ముందుండాలి. నగరం పేజీలో ఆయన హనుమకొండలో చదువుకున్న సంగతి ఒక్క మాటగా వస్తే సరిపోతుంది. పోతన ఊరు బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది, కాబట్టి ఆయన గురించి అక్కడ రాయండి.

ఇక గొప్పలు. వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ గురించి "ఆసియాలోనే పెద్దది" అనో "రెండోది" అనో చాలా చోట్ల కనబడుతుంది. దేంట్లో పెద్దది? స్థలంలోనా, వచ్చే సరుకులోనా? ఏ ఏడాది లెక్క? నమ్మదగ్గ మూలం ఇవన్నీ చెప్తేనే ఆ మాట ఉంచండి. లేకపోతే "మిర్చి, పత్తి ఎక్కువగా వచ్చే మార్కెట్" అని రాయండి. మిర్చి సీజన్‌లో ఒక్కసారి ఆ యార్డు పక్కనుంచి వెళ్లినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. విశేషణాల సంగతీ అంతే. "అత్యద్భుతమైన వేయి స్తంభాల గుడి" కంటే "1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడు, విష్ణువు, సూర్యుడికి మూడు గర్భగుడులు" అన్న వాక్యం గుడిని ఎక్కువగా చూపిస్తుంది.

కొత్త వార్తల విషయంలో తొందర వద్దు. ఫలానా చౌరస్తాలో ట్రాఫిక్ జామ్, ఫలానా నాయకుడు శంకుస్థాపన చేసిన రోడ్డు వద్దు. వరదలు మాత్రం రాయాలి. 2020 ఆగస్టులో నగరం మునిగింది, 2023 జులైలో మళ్లీ మునిగింది. కాకతీయుల కాలం నుంచి చెరువుల మీద బతికిన ఊరు ఇలా ఎందుకు మునుగుతోందన్నది ఒక రోజు వార్త కాదు, నగరం భౌగోళిక విభాగంలో ఉండాల్సిన సంగతి. ఆజంజాహి బట్టల మిల్లు కూడా అంతే. 1934లో మొదలై ఎప్పుడో మూతపడింది, అయినా పాత వరంగల్ గురించి రాసేటప్పుడు దాన్ని వదలకూడదు.

ఈ వారం ఇంటిపని: కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ – మీకు దగ్గరైన ఒక ఊరి పేజీ తెరవండి. చూడదగ్గ ప్రదేశాల విభాగంలో ఒక్కో పేరు పక్కన అది నగరంలో ఉందో, బయట ఉందో నోట్‌బుక్‌లో రాసుకోండి. బయటివాటికి వేరే వ్యాసం ఉందో లేదో వెతకండి. పేజీలో అప్పుడే ఏదీ మార్చొద్దు. ముందు చర్చా పేజీలో (ప్రతి వ్యాసానికీ జతగా, మార్పుల గురించి మాట్లాడుకోవడానికి ఉండే పేజీ) మీరు ఏం తీయాలనుకుంటున్నారో, ఎందుకో రెండు వాక్యాలు రాసి ఒక వారం ఆగండి. వచ్చిన జవాబులతో వచ్చే పాఠానికి రండి, అక్కడి నుంచి మూలాలు వెతకడం మొదలుపెడదాం.