ఆఫ్రికా పేరు పలకాలంటే ముందు తెలుగులో రాసుకోండి

మా టీమ్‌లోకి నైజీరియా నుంచి ఒకాయన వచ్చారు. పేరు చుక్వుఎమెక. ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు "మళ్లీ చెప్పండి, అర్థమేంటి?" అని అడగడం, ఆయన ఓపిగ్గా మొదటి నుంచి చెప్పడం. చూస్తుంటే బాధేసేది. బయటి దేశాల్లో మన పొడుగు పేర్లతో మనమూ పడే పాటే కదా ఇది.

ఇంగ్లీషు స్పెల్లింగ్ పక్కన పెట్టేసి, ఒక్కసారి నెమ్మదిగా పలకమని అడిగాను. సరేనన్నాక ఫోన్లో 5 సెకన్లు రికార్డు చేసుకున్నాను. విన్నది విన్నట్టు తెలుగులో విడగొట్టి రాశాను: చు-క్వు-ఎ-మె-క. పదిసార్లు పైకి చదివి, కాంటాక్ట్స్‌లో అలాగే సేవ్ చేశాను. అర్థం కూడా పక్కనే రాసుకున్నాను, 'దేవుడు గొప్ప మేలు చేశాడు' అని. ఇక రెండోసారి అడగాల్సిన పని పడలేదు.

అందరూ 'ఎన్‌గోజీ' అని చదివే పేరుకైతే, చిన్నప్పుడు దిద్ది వదిలేసిన మన 'ఙ' పనికొస్తుంది: ఙ్-గో-జి. ప్రపంచ వాణిజ్య సంస్థకు 2021 నుంచి అధిపతిగా ఉన్న ఒకోంజో ఇవేలా గారి మొదటి పేరు ఇదే. నైజీరియాలో మాట్లాడే ఇగ్బో భాషలో దీవెన అని అర్థం.

ఒక్క జాగ్రత్త. ఇగ్బో పేర్లలో, అక్కడిదే మరో భాష యోరుబా పేర్లలో 'గ్బ' వస్తే ఈ పద్ధతి సరిపోదు. అక్కడ గ, బ రెండూ ఒకేసారి పలకాలి, మన రాతలో అది రాదు. గొంతు ఎత్తడం, దించడం కూడా రాతకు అందవు. అప్పుడు రికార్డింగే వినండి. కుదరలేదని మనంతట మనం పేరు కుదించకూడదు. ఆయనే 'ఎమెక' అనమన్నారు, అప్పటి నుంచి అలాగే పిలుస్తున్నాను.