లైన్ మాటిమాటికీ తెగుతోందా? ముందు రాడ్ కొన చూడండి

శాన్ డియేగోలో ఉద్యోగాలకొచ్చి, లా హోయా షోర్స్ బీచ్ నుంచి కయాక్ (తెడ్డేసే చిన్న పడవ) మీద సముద్రంలోకెళ్లి గాలం వేయడం మరిగిన మనవాళ్ల ఫోన్లన్నీ నాకు ఒకేలా మొదలవుతాయి. "అన్నా, రాడ్ చెత్తది తగిలింది." వంద డాలర్ల లోపు కొన్నది కదా, అంతకంటే ఏం వస్తుందిలే అని తీర్పు కూడా వాళ్లే చెప్పేస్తారు. మా గ్యారేజీకి రిపేరుకని వచ్చినవాటిలో నిజంగా చెత్త రాడ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఫోన్ చేసే ముందు ఒక్క పని చేయండి. పిడికి కాస్త పైన, కర్ర మీద చిన్న అక్షరాల్లో పొడవు, ఎన్ని పౌండ్ల లైన్ వాడాలో రాసి ఉంటుంది. అది రాడ్ జాతకం. 8-17 పౌండ్లని రాసి ఉన్నదానికి 50 పౌండ్ల లైన్ చుట్టి, డ్రాగ్ (చేప లాగితే లైన్‌ని జారనిచ్చే రీల్ బ్రేకు) బిగించి, విరిగిందని ఏడిస్తే నేనేం చేయను? కయాక్‌కి మొదటి కన్వెన్షనల్ రాడ్ (రీల్ పైన కూర్చునే రకం) అయితే 7 అడుగుల చుట్టుపక్కల, 15-30 లేదా 20-40 పౌండ్లది, మీడియం హెవీ తీసుకోండి. ఫైబర్‌గ్లాస్ కలిసినదైతే కాస్త బరువున్నా మొరటు చేతులకి తట్టుకుంటుంది.

"రీల్ పక్కకి ఒరిగిపోతోంది, లైన్ కర్రకి రాసుకుంటోంది"

మీరు కొన్నది స్పిన్నింగ్ రాడ్, దానికి కన్వెన్షనల్ రీల్ బిగించారు. అందులో రీల్ కిందకి వేలాడుతుంది, మొదటి గైడ్ (లైన్ దూరే రింగు) గాజంత పెద్దగా ఉంటుంది. కన్వెన్షనల్‌లో రీల్ పైన కూర్చుంటుంది, గైడ్లు చిన్నవి, దగ్గరదగ్గరగా ఎక్కువ ఉంటాయి. గైడ్లు తక్కువైతే కర్ర వంగినప్పుడు లైన్ దాన్ని తాకక మానదు. దీనికి రిపేరు లేదు, బిల్లు ఉంటే తిరిగిచ్చేయండి.

"చేప కయాక్ కిందకి దూరింది, రాడ్ పుటుక్కుమంది"

కొన నుంచి ఒకటి రెండు అడుగుల దగ్గర విరిగిందంటే తొంభై పాళ్లు మీరు రాడ్‌ని నిట్టనిలువుగా ఎత్తారు. అలా ఎత్తితే బరువంతా సన్నటి కొన మీదే పడుతుంది, మొదలు దగ్గరి బలం పనికిరాదు. రాడ్ నేలబారు నుంచి 45 డిగ్రీలు దాటనివ్వకండి. చేప కిందకి దూరితే కొనని నీళ్లలో ముంచి, కయాక్ ముక్కు చుట్టూ అవతలి పక్కకి తిప్పండి. 7 అడుగులు ఉండాలనేది ఇందుకే. 8 దాటితే మాత్రం కూర్చున్నచోటి నుంచి కొన చేతికి అందదు. పెద్ద బోట్ల మీద వాడే పొడుగు పిడి రాడ్లు కూడా వద్దు, ఆ పిడి ఊరికే లైఫ్ జాకెట్‌కి తగులుకుంటుంది.

"లైన్ మంచిదే, ముడి మంచిదే, అయినా చేప పడగానే తెగుతోంది"

ముందు డ్రాగ్ చూడండి. లైన్ బలంలో నాలుగో వంతు దగ్గర జారాలి: 20 పౌండ్ల లైన్‌కి 5 పౌండ్లు. చేత్తో లాగి "సరిపోతుందిలే" అనకండి. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు ప్రతి తెలుగు ఇంట్లోనూ ఉంటుంది, దానికి లైన్ కట్టి లాగి చూడండి.

డ్రాగ్ సరిగ్గానే ఉన్నా తెగుతోందంటే, నన్ను రెండు నెలలు ఏడిపించిన దొంగ ఇక్కడే ఉంటాడు. గ్యారేజ్ సేల్‌లో 40 డాలర్లకి రాడ్ కొన్నాను, చూడ్డానికి కొత్తదే. కెల్ప్ (సముద్రంలో పెరిగే పొడుగు నాచు) అంచున బతికున్న మాకెరెల్ ఎరతో (మన కానాగడత లాంటిదే) రెండు ఎల్లోటెయిల్స్ పడ్డాయి, రెండూ తెంచుకుపోయాయి. తర్వాత ఒక హాలిబట్ కూడా. అది ఇంటికి తెచ్చుకోగలిగే 22 అంగుళాల హద్దు దాటేదేనని ఇప్పటికీ నా నమ్మకం. లైన్ రెండుసార్లు మార్చాను, ముడి మార్చాను, రీల్ విప్పి మళ్లీ బిగించాను. ఒకరోజు విసుగొచ్చి తెగిన లైన్‌ని గోటి మీదుగా లాగాను. గాలం వైపు నుంచి ముప్ఫై అడుగుల దాకా ఒకే పక్క గరుకు! లోపల రీల్ మీదున్నది నున్నగా ఉంది.

తేడా అక్కడే తెలుస్తుంది. ముడి జారితే కొస ఉంగరంలా చుట్టుకుని వస్తుంది. రాయికి గీసుకుంటే మామూలుగా చివరి కొద్ది అడుగులే పాడవుతాయి. గరుకు అంత పొడవునా, అదీ ఒకే పక్క ఉందంటే లైన్ ఏదో గైడ్‌లో కోసుకుంటోంది. గైడ్ లోపల సిరామిక్ రింగు ఉంటుంది. అది వెంట్రుకంత పగిలినా కంటికి కనపడదు, ఉప్పు పేరుకుంటే అసలే కనపడదు. ఎక్కువగా కొనమీదిదే పగులుతుంది. చీకటిపడే వేళ తొందరగా చుట్టేస్తే సీసపు గుండు వచ్చి కొనకి టక్కున కొడుతుంది చూడండి, ఆ దెబ్బకే. కారు డిక్కీలో తోసినా, గాలాన్ని గైడ్ రింగుకి తగిలించినా అంతే.

చెవులు శుభ్రం చేసుకునే ఇయర్‌బడ్ ఒకటి తీసుకుని ప్రతి రింగు లోపలా నెమ్మదిగా తిప్పండి, ముందు వైపు నుంచీ వెనక వైపు నుంచీ. దూది పోగు ఎక్కడ పట్టుకుందో అక్కడ పగులుంది. నాది కొనమీదే దొరికింది.

కొన గైడ్ అయితే ఇంట్లోనే మార్చుకోవచ్చు. లైటర్ మంట దాని లోహపు గొట్టానికి మాత్రమే చూపించండి, కర్రకి తగలనివ్వకండి. జిగురు మెత్తబడగానే పటకారుతో లాగితే ఊడి వస్తుంది. రాడ్‌ని షాపుకి తీసుకెళ్లి సైజు చూసి కొత్తది కొనండి, నాలుగైదు డాలర్ల పని. గ్లూ గన్‌లో వాడే జిగురు కరిగించి తొడిగి, చల్లారేలోపు మిగతా గైడ్లతో వరసగా ఉందో లేదో ఒంటి కన్నుతో చూసి సరిచేయండి. గరుకు లైన్‌ని కోసి పారేయండి. మధ్యలో గైడ్ పగిలితే మాత్రం దారం చుట్టి ఎపాక్సీ వేయాలి, 70 డాలర్ల రాడ్‌కి ఆ కూలి గిట్టదు. అందుకే పాత రాడ్ బేరమాడటానికి వెళ్తే జేబులో రెండు ఇయర్‌బడ్స్ వేసుకెళ్లండి. అమ్మేవాడు వింతగా చూస్తే చూడనీయండి.

మిగతావి

రీల్ సీటు (రాడ్‌కి రీల్ బిగించే చోటు) బిగుసుకుపోతే ఉప్పే కారణం: గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ఇక మీదట ప్రతిసారీ ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగండి. కర్ర తయారీలోనే లోపమా? ఉండొచ్చు, నేను చూసింది ఒక్కటే, కంపెనీ మార్చి ఇచ్చింది. రెండు ముక్కల రాడ్ అతుకు దగ్గర ఊగితే కాస్త మైనం రాయండి. ఇవేవీ కాకపోతే ఫోన్ చేయండి, కానీ ఇయర్‌బడ్ తిప్పాకే.