లేత్ పని నేర్చుకుందాం – ఆరో భాగం: స్టెప్ షాఫ్ట్

రాడ్డు రెండు కొసలూ ఫేసింగ్ (ముఖం చదును) చేసి, వాటి మధ్యలో సెంటర్ డ్రిల్‌తో చిన్న గుంతలు వేయడం దాకా కిందటి భాగంలో వచ్చాం. ఈసారి ఆ ముక్కతోనే పని. 40 మి.మీ. ఈఎన్8 (ఒక రకం కార్బన్ ఉక్కు) రాడ్డు, ఫేసింగ్ అయ్యాక పొడవు 356. దీన్ని రైస్ మిల్లు బ్లోవర్ షాఫ్టుగా మారుద్దాం. మిర్యాలగూడ చుట్టుపక్కల లేత్ షెడ్డు పెట్టుకున్నవాళ్లకు ఇలాంటి పని తప్పదు. నడుమ 38 వ్యాసం, 200 పొడవు. దానికి అటూ ఇటూ బేరింగ్ కూర్చునే 30 మెట్లు, ఒక్కోటి 18 పొడవు. రెండు కొసల్లో 25 వ్యాసం, 60 పొడవు. ఒక కొసకు పుల్లీ, రెండో కొసకు ఫ్యాన్. బేరింగ్ నంబరు 6206.

మిల్లు మనిషి అరిగిన షాఫ్ట్ తెచ్చి "గిట్లాంటిదే కావాలె, పొద్దుగూకేసరికి ఇయ్యాలె" అంటాడు. దాన్ని కొలిచి అలాగే చేశారంటే కొత్త షాఫ్ట్ కూడా అరిగిన సైజులోనే తయారవుతుంది. పొడవులు పాత షాఫ్ట్ నుంచి తీసుకోవచ్చు. వ్యాసాలు మాత్రం బేరింగ్ నంబరును చూసి తీసుకోండి. 6206లో చివరి రెండంకెలను 5తో గుణిస్తే 30, అదే లోపలి బోరు. 04 నుంచి పైకి ఈ లెక్క నడుస్తుంది. ఈ బేరింగ్ బయటి వ్యాసం 62, వెడల్పు 16.

అన్ని మెట్లకూ ఒకే శ్రద్ధ అక్కర్లేదు. నడుమ 38 కాస్త అటూ ఇటూ అయినా అడిగేవాళ్లు లేరు. అలాగని 42 దాకా ఉంచకండి. లోపలి రింగు బయటి అంచు దాదాపు 40 దగ్గర ఉంటుంది, షోల్డర్ (బేరింగ్ ఆనే ఎత్తు అంచు) దాన్ని దాటితే రేపు బేరింగ్ పీకేటప్పుడు పుల్లర్ కాళ్లకు పట్టు దొరకదు. పుల్లీ మెట్టు 24.98కీ 25.00కీ మధ్య ఉంటే చాలు. బేరింగ్ మెట్టు దగ్గరే అసలు పరీక్ష. కే6 ఫిట్ (బేరింగ్ బిగువుగా కూర్చునే కొలత ప్రమాణం) ప్రకారం అది 30.002 నుంచి 30.015 లోపల ఉండాలి. అంటే మనకున్న చోటు 13 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). వెర్నియర్‌ను డబ్బాలో పెట్టేసి మైక్రోమీటర్ తీయండి.

ఇక బిగించడం. మూడు దవడల చక్‌లో పట్టి ఒక వైపు చేసి, తిప్పి పట్టి రెండో వైపు చేస్తే పని తొందరగానే అవుతుంది. కానీ వాడిన చక్ ఎంతో కొంత వంకర తిరుగుతుంది. షాఫ్ట్ తిప్పి పట్టగానే రెండు బేరింగ్ మెట్ల మధ్యగీతలు వేరైపోతాయి. మైక్రోమీటర్‌కు ఆ తప్పు దొరకదు, రెండు వైపులా 30.01 అనే చూపిస్తుంది. మిల్లులో బిగించాక బేరింగ్ వేడెక్కుతుంది, మోత పెడుతుంది. అందుకే రెండు సెంటర్ల (గుంతల్లో కూర్చునే మొనల) మధ్య పెట్టి, రాడ్డుకు బిగించే క్యారియర్‌తో తిప్పండి. షాఫ్ట్‌ను ఎన్నిసార్లు తిప్పి పెట్టినా ఆ రెండు గుంతలే ఆధారం కాబట్టి మధ్యగీత మారదు.

మొదటి కట్ వేశాక రెండు కొసల దగ్గరా కొలవండి. టెయిల్ స్టాక్ (రాడ్డు కుడి కొసను ఆనించి పట్టే భాగం) వైపు లావుగా ఉంటే, తేడాలో సగం మేర టెయిల్ స్టాక్‌ను మీ వైపు జరపాలి. సన్నగా ఉంటే అవతలి వైపు.

స్పీడు లెక్క మీకు తెలిసిందే. హెచ్‌ఎస్‌ఎస్ టూల్‌తో (హై స్పీడ్ స్టీల్) కోత వేగం నిమిషానికి 28 మీటర్లు అనుకుంటే, 40 వ్యాసం దగ్గర 220 చుట్లు, 25 దగ్గర 350 దాకా. మీ గేర్‌బాక్స్‌లో దానికి దగ్గరగా కింద ఉన్నది ఎంచుకోండి. ముందు 38, తర్వాత 30, చివర్లో 25. ముందే కొసలు సన్నబడితే నడుమ కట్ వేసేటప్పుడు రాడ్డు ఊగుతుంది. ప్రతి మెట్టుకూ వ్యాసంలో 1 మి.మీ. మిగిల్చి, షాఫ్ట్ మొత్తం రఫ్ చేయండి. ఒక వైపు పూర్తిగా ఫినిష్ చేసేసి రెండో వైపుకు వెళ్లే అలవాటు మానుకోండి.

రఫ్ అయ్యాక ఆపి చాయ్ తాగి రండి. సరదాకు చెప్పడం లేదు. ఉక్కు ఒక్కో డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. ఈ షాఫ్ట్ 30 డిగ్రీలు వేడెక్కితే పొడవు 0.12 మి.మీ. పెరుగుతుంది. అందుకే మధ్యమధ్యలో టెయిల్ స్టాక్ సెంటర్‌ను వదులు చేసి మళ్లీ బిగించాలి, లేదంటే రాడ్డు వంగుతుంది. వ్యాసం సంగతి ఇంకా మోసం. మైక్రోమీటర్ కన్నా 40 డిగ్రీలు వేడిగా ఉన్న 30 మెట్టు 14 మైక్రాన్లు లావుగా కనిపిస్తుంది. 30.01 వచ్చిందని సంబరపడతారు, చల్లారేసరికి 29.996. బేరింగ్ చేత్తోనే జారిపోతుంది. నల్లగొండ ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద అన్నీ వేడిగానే ఉంటాయి, దానితో ఇబ్బంది లేదు. షాఫ్ట్, మైక్రోమీటర్ రెండూ ఒకే వేడిలో ఉంటే చాలు.

వదులైన మెట్టుకు చుట్టూ సెంటర్ పంచ్ కొట్టి బేరింగ్ ఎక్కించడం చాలా షెడ్లలో ఉంది. ఆ చుక్కల తలలు కొన్నాళ్లకే అణిగిపోతాయి. నా దగ్గర నేర్చుకునేవాళ్లను ఆ పని చేయనివ్వను.

మూలల విషయం కాస్త నిదానంగా చదవండి. 30 మెట్టు 38కి తగిలే మూలలో చిన్న గుండ్రం ఉండాలి, కానీ అది 1 మి.మీ. దాటకూడదు. ఎక్కువైతే బేరింగ్ అంచు ఆ గుండ్రం మీదే ఆగిపోతుంది, షోల్డర్‌కు ఆనదు. టూల్ ముక్కు 0.8 రేడియస్ ఉంటే సరిగ్గా సరిపోతుంది. 25 నుంచి 30కి ఎక్కే మూల ఇంకా ముఖ్యం. బెల్టు లాగుడుకు పుల్లీ కొస వంగాలని చూస్తుంది. షాఫ్ట్ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ మూల చుట్టుకొలత అంతా ఒకసారి లాగుడికీ ఒకసారి నొక్కుడికీ గురవుతుంది. మూల కత్తిలా పదునుగా ఉంటే చీలిక అక్కడే మొదలవుతుంది. విరిగిన షాఫ్ట్ దొరికితే ముఖం చూడండి. ఒక పక్క నున్నగా, అలల గీతలతో, మిగతాది గరుకుగా కనిపిస్తుంది. నున్నటి భాగం మెల్లగా చీలినది, గరుకుది చివర్లో ఒక్కసారిగా తెగినది. ఈ మూలకు 2 రేడియస్ ఇవ్వండి. పుల్లీ బోరు అంచును కూడా అంతకన్నా కొంచెం ఎక్కువ ఏటవాలుగా కోస్తే రెండూ అడ్డు పడవు.

ఫినిష్ కట్లు సన్నగా వేయండి. టూల్ 0.1 లోపలికి వెళ్తే వ్యాసం 0.2 తగ్గుతుంది. డయల్ మీది గీత వ్యాసాన్ని చూపిస్తుందో టూల్ నడకను చూపిస్తుందో మీ లేత్‌లో ముందే చూసుకోండి. 30.02 దగ్గర టూల్ ఆపి, మిగిలింది నూనె రాసిన సన్న ఎమరీతో తీయండి. ఎమరీని వేలికి చుట్టకూడదు, చేతికి గ్లవ్స్ వద్దు, మెడలో తువ్వాలు అసలే వద్దు.

చివరగా డయల్ గేజ్‌ను ఒక్కో బేరింగ్ మెట్టు మీద ఆనించి షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. ముల్లు 0.01 లోపలే ఆడాలి. అంతకన్నా ఎక్కువ ఆడితే షాఫ్ట్‌ను తప్పు పట్టే ముందు సెంటర్ గుంతల్లో చిప్ ముక్క ఇరుక్కుందేమో చూడండి.

ఏడో భాగంలో 25 మెట్టు మీద 8 వెడల్పు, 4 లోతు కీ-వే (పుల్లీ జారకుండా కీ కూర్చునే గాడి) కోద్దాం. ఈలోగా షాఫ్ట్‌కు గ్రీజు రాసి, కాగితం చుట్టి పెట్టండి.