తెల్లపావులతో ఇటాలియన్ ఆట – 4వ పాఠం: సి3

చదరంగంలో ఇటాలియన్ ఆట అనే ఆరంభాన్ని నేర్చుకుంటూ గత మూడు పాఠాల్లో ఒక్కో ఎత్తు చొప్పున ఇక్కడిదాకా వచ్చాం. చదవడం మొదలుపెట్టే ముందు బల్ల మీద పావులు పేర్చి ఆడి చూడండి (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస): 1. ఈ4 ఈ5. 2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6. 3. శకటు సి4, శకటు సి5. మీ ఇంట్లో శకటును ఒంటె అనే అలవాటుంటే ఒంటె అనే చదువుకోండి. మన శకటు చూపు ఎఫ్7 మీద ఉంది. ఆ గడిని కాసేది నల్లరాజు ఒక్కడే. ఇది మాత్రం మరవకండి.

ఈ పాఠానికి ఒకే ఎత్తు: 4. సి3.

తిరుపతిలో, బాలాజీ కాలనీలోని మా ఇంటి వరండాలో ఆదివారం ఉదయం చాప పరిచి పిల్లలకు ఆట నేర్పుతుంటాను. ఈ ఎత్తు దగ్గరికి రాగానే ఎవరో ఒకరు ముఖం చిట్లిస్తారు. మొన్న ఏడో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "బంటును ఒక్క గడి జరపడానికి ఒక ఎత్తు ఖర్చు చేయాలా సార్? పైగా గుర్రం కూర్చోవలసిన చోటు కదా అది!" చక్కటి ప్రశ్న. బి1లో ఉన్న గుర్రానికి సి3 సహజమైన చోటు. దాన్ని బంటుకు ఇచ్చేస్తున్నాం. అంత విలువైన చోటు ఇచ్చినందుకు మనకు దక్కేదేమిటో చూద్దాం.

సి3 లేకుండా డి4 ఆడితే నల్లవాడు కొడతాడు, మనం పావుతో తిరిగి కొట్టాలి, నడుమ ఒక్క బంటే మిగులుతుంది. సి3 ముందే ఆడి ఉంటే బంటుతో తిరిగి కొడతాం. అప్పుడు ఈ4, డి4 గళ్లలో రెండు బంట్లు భుజం భుజం కలిపి నిలబడతాయి. ఇంకో లాభం, నల్లగుర్రం డి4లోకి దూకే దారి మూసుకుపోతుంది. మూడోది చాలామంది గమనించరు: సి2 గడి ఖాళీ అయింది. మన శకటును ఎవరైనా తరిమితే బి3 మీదుగా అక్కడికి చేరి తలదాచుకోవచ్చు. ఆ అమ్మాయి సి2 మీద వేలు పెట్టి, అక్కడి నుంచి హెచ్7 దాకా ఏటవాలుగా గీత గీసి చూసుకుంది. దారిలో అడ్డున్నది మన ఈ4 బంటే. "ఇది జరిగితే శకటు నేరుగా రాజు కోట మీదికి చూస్తుంది సార్" అంది. నేను చెప్పాలనుకున్నది తనే చెప్పింది.

ఇప్పుడు నల్లవాడి జవాబు. డి6 ఆడితే మనం సంకోచించకుండా డి4 ఆడేయాలి, ఎందుకంటే అప్పటికి ఈ4 బంటు మీద ఏ ఒత్తిడీ లేదు. అందుకే తెలిసినవాడు 4... గుర్రం ఎఫ్6 ఆడి ఈ4ను బెదిరిస్తాడు. ఇదే అసలైన కూడలి.

ఇక్కడ 5. డి4 ఆడాలని చేయి దురద పెడుతుంది. 5... ఈ బంటుతో డి4 కొట్టు. 6. సి బంటుతో డి4 కొట్టు. రెండు బంట్లూ నడుమకు చేరాయి, చూడముచ్చటగా ఉంది. అప్పుడు నల్లశకటు భయపడి బి6కు పారిపోతే మన పంట పండినట్టే: డి5తో ఒక గుర్రాన్ని తరిమి, తర్వాత ఈ5తో రెండోదాన్ని తరమవచ్చు. కానీ సరైన జవాబు 6... శకటు బి4, చెక్.

మా పిల్లల్లో ఒకడు ఒక పాఠశాలల పోటీలో సరిగ్గా ఇక్కడే చిక్కుకున్నాడు. చెక్‌కు అడ్డంగా 7. శకటు డి2 ఆడాడు, అది మంచి ఎత్తే. 7... శకటు కొట్టు డి2, చెక్. 8. బి1 గుర్రంతో డి2 కొట్టు. ఆ వెంటనే ఎదుటివాడు 8... డి5 అన్నాడు. 9. ఈ బంటుతో డి5 కొట్టు, గుర్రం కొట్టు డి5. ఈ స్థితిని బల్ల మీద పెట్టి చూడండి. మన డి4 బంటుకు అటు సి వరుసలో గానీ, ఇటు ఈ వరుసలో గానీ తోడు బంటు లేదు. దాని ఎదుట డి5లో నల్లగుర్రం తిష్ఠ వేసింది. ఆట సమానమే, ఓడిపోయింది లేదు. అయితే మన పావులకు దొరికిన దారులను చకచకా వాడుకోవడం తెలియకపోతే ఆ ఒంటరి బంటును కాచుకోవడంతోనే పొద్దుపోతుంది. వాడికి అదే జరిగింది.

7. గుర్రం సి3 అని ఈ4 బంటును వదిలేసి దాడికి దిగే దారి కూడా ఉంది. 17వ శతాబ్దంలో ఇటలీకి చెందిన గ్రెకో ఆ దారిలో అద్భుతమైన ఆటకట్లు రాసిపెట్టాడు. అది వేరే పాఠం, తొందర లేదు.

నా మాట వింటే మొదటి ఏడాది 5. డి3 ఆడండి. అలిపిరి మెట్ల మీద గాలిగోపురం దాకా ఉరికినవాళ్లు మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడటం మనం రోజూ చూసేదే. డి4 ఆశ వదులుకోవడం లేదు, పావులన్నీ బయటికి వచ్చాక ఆడతాం. ఇటాలియన్ భాషలో ఈ ఆట పేరు 'జువోకో పియానో', అంటే నెమ్మది ఆట. డి3తో ఆడితే 'పియానిస్సిమో', మరీ నెమ్మది ఆట. పేరు చూసి చిన్నపిల్లల ఆట అనుకోవద్దు. 2000లో లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీలో క్రామ్నిక్, తెల్లశకటు మూడో ఎత్తులో బి5కు వస్తే గుర్రం ఎఫ్6తో జవాబిచ్చే బెర్లిన్ రక్షణతో, అప్పటి ఛాంపియన్ కాస్పరోవ్‌ను నిలువరించాడు. ఆ తర్వాతి కాలంలో శకటును బి5లో పెట్టి గెలవడం కష్టమవుతుంటే, పెద్ద పెద్ద గ్రాండ్‌మాస్టర్లే తిరిగి ఈ నెమ్మది ఆట వైపు వచ్చారు.

డి3 తర్వాత వరస ఇలా సాగుతుంది: 5... డి6. 6. కాస్లింగ్ (ఒకే ఎత్తులో రాజును పక్కకు జరిపి, ఏనుగును రాజుకు ఇవతలి పక్కన పెట్టడం), నల్లవాడు కూడా కాస్లింగ్. 7. ఏనుగు ఈ1. ఈ ఏనుగు ఎత్తు ఈ4కు బలం కోసం మాత్రమే కాదు. ఎఫ్1 గడి ఖాళీ కావాలి. మన బి1 గుర్రం డి2కు, అక్కడి నుంచి ఎఫ్1కు, ఆపైన జి3కి నడిచి వస్తుంది. జి3 నుంచి దాని గురి ఎఫ్5 మీద. మూడు ఎత్తులు ఒకే గుర్రానికా అని అనిపిస్తుంది. నడుమ బంట్లు బిగిసి ఉన్నప్పుడు ఆ తీరిక మనకు ఉంటుంది, నడుమ తెరుచుకుంటే ఉండదు. డి2లో ఉన్నంతసేపు సి1 శకటుకు దారి మూసుకునే ఉంటుంది కనుక గుర్రాన్ని అక్కడ మరచిపోకండి.

ఈ వారం ఇంటి పని. 7. ఏనుగు ఈ1 తర్వాత నల్లవాడు 7... గుర్రం జి4 ఆడాడు. ఇప్పుడు గుర్రం, సి5 శకటు రెండూ కలిసి ఎఫ్2 మీద పడ్డాయి. ఏనుగు ఎఫ్1 నుంచి వెళ్లిపోయింది కాబట్టి ఆ గడిని మన రాజు ఒక్కడే కాస్తున్నాడు. వచ్చిన దారినే వెనక్కి పోకుండా అదే ఏనుగుతో ఎఫ్2ను ఎలా కాపాడతారు? ఆ తర్వాత ఏ బంటుతో గుర్రాన్ని తరుముతారు? పావులు కదపకుండా, కళ్లతోనే చూసి కాగితం మీద రాసుకోండి. జవాబుతో 5వ పాఠం మొదలుపెడదాం.